‘ఇంకా’ ఎటువైపుది

నాకు మొదటి ఉద్యోగం కంబదూరు దగ్గర ఒక చిన్న ఊళ్లో వచ్చింది. యాభైల నడిమి మాట. ధర్మవరం మగ్గాల వీధిలో పుట్టి పెరిగినదాన్ని, ట్రైనింగు స్కూల్లో రెండేళ్లు చదివి, తగరపు పెట్టె ఒకటీ పరుపుచుట్ట ఒకటీ పట్టుకుని బస్సు దిగాను. దించడానికి వచ్చిన నాయన ఊరి చుట్టూ ఒకసారి చూసి, “చెట్ల కన్నా రాళ్లెక్కువ ఉండాయి గదమ్మా ఈడ” అన్నాడు. అదే బస్సు తిరిగి వస్తే ఎక్కి వెళ్లిపోయాడు. ఇంట్లో మగ్గం మీద చీర సగంలో ఉంది మరి.

బడి అంటే నాలుగు గదుల బండల మిద్దె. హెడ్మాస్టరుగారు కాక ఇద్దరు మగ టీచర్లు, ఇద్దరు ఆడ టీచర్లు. నేనొకదాన్ని. రెండో ఆవిడ నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దది. కదిరి వైపు క్రైస్తవుల ఇంటి మనిషి. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని ఊళ్లో ఎవరూ అడిగినట్టు లేదు, నేనూ అడగలేదు. బడి వెనక రెండు గదుల ఇంట్లో ఆమె ఒక్కతే ఉండేది. హెడ్మాస్టరుగారు నన్ను తీసుకెళ్లి ఆమె గడపలో నిలబెట్టి, “ఈ పాపను నీ దగ్గరే పెట్టుకోమ్మా” అన్నారు. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

ఆ సాయంత్రం నేను పెట్టె సర్దుకుంటుంటే అక్క గడప మీద కూర్చుని పొడుగాటి నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటోంది.

“ఏం రాస్తాండావక్కా?”

“విన్న మాట ఒకటి. నీకుండాదా ఇట్లాంటి పుస్తకం?”

ఉంది. గోధుమరంగు కాగితంతో అట్ట వేసి, ప్రాణంగా దాచుకున్నది. క్యాలెండర్ల మీదా పేపర్లలోనూ కనబడిన మహానుభావుల మాటలన్నీ దస్తూరిగా ఎత్తి రాసి, కింద వాళ్ల పేర్లు ఎర్రసిరాతో రాసుకున్నాను. గర్వంగా తీసి ఇచ్చాను. అక్క ప్రతి పేజీ తిప్పి చదివింది.

“బాగుండాయి. వీళ్లల్లో ఒక్కరన్నా నీతో మాట్లాడినారా?”

అక్క నా పుస్తకం మూసి తన పుస్తకం నా చేతిలో పెట్టింది. అందులో మహానుభావులు ఎవరూ లేరు. ప్రతి మాట కిందా ‘బావి కాడ ముసలామె’, ‘మా అవ్వ, జ్వరంలో’, ‘కల్యాణదుర్గం బస్సు కండక్టరు’ అని ఉంది. కండక్టరు అన్నది నాకిప్పటికీ గుర్తే: “జరగండప్పా, నిలబడినోళ్లు గూడా, టికెట్టు కొన్న మనుసులే.”

నేను నవ్వాను. “ఇది సూక్తా అక్కా?”

“ఆ పొద్దు నేను నిలబడి ఉన్న్యా మ్మే. నాకు సూక్తే.” తర్వాత అంది, “మీ నాయన మాట ఒకటన్నా రాయి నీ పుస్తకంలో. ఆయప్ప ఏమీ అనకుండానే నిన్ను ఇంత చేసినాడా?”

ఆలోచిస్తే ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేను మగ్గం దగ్గర తెగిన పోగు పట్టుకుని విసుక్కుంటే నాయన అనేవాడు. రాశాను: “తెగిన పోగును తిట్టొద్దు. చెయ్యి ఆపి చూడు.” ఎర్రసిరా పేరు లేని మొదటి మాట నా పుస్తకంలో అదే. అక్క వంగి చూసి తల ఊపింది.

“మాట మంచిదే. మధ్యలో అంత పెద్ద చుక్క ఏంటికి పెడితివి? మీ నాయన అంతసేపు ఆగినాడా? కామా చాలు.”

“నేను కామాలు పెట్టనక్కా.”

“ఏం, దుడ్లు పెట్టి కొనాల్నా?” అంది అక్క. మా జగడం అక్కడ మొదలైంది.

ట్రైనింగు స్కూల్లో మాకు తెలుగు చెప్పిన పంతులుగారికి కామా అంటే గిట్టదు. కామా అని కూడా అనేవారు కాదు, వాక్యాంశ బిందువు అనేవారు. తాటాకుల మీద రాసిన రోజుల్లో అది లేదనీ, అచ్చు యంత్రంతోపాటు ఓడ దిగిందనీ, తెలుగు వాక్యానికి అది పప్పులో రాయిలాంటిదనీ చెప్పేవారు. ‘వచ్చి’, ‘చూసి’, ‘చేసి’ అన్న మాటలే ఎక్కడ ఆగాలో చెబుతాయి కదా, మళ్లీ పక్కన తోక ఎందుకు అనేవారు. ఆ వాదం నాకు బాగా పట్టింది. తప్పనిసరి అయితే తప్ప పెట్టేదాన్ని కాదు. పిల్లల నోటు పుస్తకాల్లో కనిపిస్తే కొట్టేసేదాన్ని.

అక్క దారి వేరు. ఆదివారం ప్రార్థనలో బైబిలు వాక్యం చదివేది ఆమే. ఎదురుగా నేల మీద కూర్చుని వినేవాళ్లు కూలికి పోయేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, పేరు రాయడం కూడా రానివాళ్లు. “నేను చదివేది నా కండ్లకు కాదు, వాళ్ల చెవులకు. నేను ఊపిరి తీసుకునే చోట వాళ్లూ తీసుకుంటారు. ఆ చోటు నాకు ముందే కనపడాల” అనేది. అందుకని ఊపిరి అందని చోటల్లా కామా పెట్టేది. ఆమె రాసిన పేజీ చూస్తే ఎవరో పిడికెడు ఆవాలు చల్లినట్టుండేది.

ఇద్దరికీ కోపాలు వచ్చేవి కావు. కానీ ఇద్దరం వదిలేవాళ్లం కాదు. ఒకసారి సంతకు పోతూ అక్క చీటీ రాసింది: ఉప్పూ, మిరపకాయలూ, చింతపండూ, కిరసనాయిలూ. నేను పెన్సిలు తీసి మూడు కామాలూ కొట్టేశాను.

“ఉప్పూ అని దీర్ఘం తీసినాక మళ్లా కామా ఏంటికక్కా? ఇంకోటి వస్తాదని దీర్ఘమే చెప్తాది గదా.”

“అయితే దీర్ఘం తీసేస్తా. ఉప్పు అని రాసి కామా పెడతా. అప్పుడు?”

“అప్పుడు పెట్టుకో.”

“అంటే రెండిట్లో ఒకటుండాల. రెండూ ఉంటే నీకేం నష్టం మ్మే?”

“కుండకు రెండు మూతలు పెడతారా ఎవరన్నా?”

“ఎలకలుంటే పెడతారు.”

సంత దాకా ఇదే. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే. ఇల్లు చేరాక చూసుకుంటే కిరసనాయిలు తేవడం మరిచిపోయాం. రెండు రోజులు పొద్దుగూకకముందే వంట చేసుకుని తిన్నాం.

బడి వరండాలో ఒక నల్లబల్ల ఉండేది. రోజూ దాని మీద ‘నేటి మంచిమాట’ రాయాలి. పిల్లలు లోపలికి పోతూ దాన్ని పలకల మీద ఎక్కించుకుంటారు. హెడ్మాస్టరుగారు నశ్యం పీల్చుకుంటూ ఎవరి జోలికీ పోని మంచి మనిషి. ఆ పని మా ఇద్దరికీ అప్పజెప్పారు. ఒక వారం అక్క, ఒక వారం నేను. ఎవరి వారంలో వాళ్లదే రాజ్యం, రెండోవాళ్లు ముట్టుకోకూడదు అని ఒప్పందం చేసుకున్నాం. ఒప్పందం నిలవలేదు. అక్క వారంలో నేను వరండాలో పోతూ వేలి కొసతో ఒక కామా తుడిచేసేదాన్ని. నా వారంలో మధ్యాహ్నం గంట కొట్టేసరికి లేని కామాలు మొలిచేవి. పొద్దున వచ్చిన పిల్లల పలకల మీద ఒక రకంగా, ఆలస్యంగా వచ్చినవాళ్ల పలకల మీద ఇంకో రకంగా ఉండేది. ఒకరోజు హెడ్మాస్టరుగారు బల్ల ముందు నిలబడి చాలాసేపు చూశారు.

“ఏమ్మా, పొద్దున ఈడ కామా ఉండె గదా. యాడికి పాయె?”

“ఎండకు ఆవిరైపోయింది సార్” అంది అక్క. ఆయన నవ్వలేదు. తల ఊపి నశ్యం డబ్బీ తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

అలా మూడేళ్లు గడిచాయి. ఈ మూడేళ్లలో ఒక్క మార్పు మాత్రం జరిగింది. నా పుస్తకంలో ఎర్రసిరా పేర్లు తగ్గిపోయాయి. అంగట్లో, బస్సులో, బావి దగ్గర ఎవరైనా మాట్లాడుతుంటే చెవి అటు పోయేది. ఇద్దరం ఒకే మాట విన్నప్పుడు ముందు ఎవరు రాసుకుంటారా అని పోటీ కూడా ఉండేది.

నాలుగో ఏడు వానలు రాలేదు. ఆరుద్ర కార్తెలో విత్తనానికి సరిపడా ఒక్క పదును వాన పడింది. దాన్ని నమ్ముకుని అందరూ వేరుశెనగ విత్తారు. మొలక వచ్చింది, పూత వచ్చింది. ఊడలు నేలలోకి దిగే వేళకు నేల బండయిపోయింది. దసరా నాటికి చేలల్లో చెట్లు పీకి గొడ్లకు వేశారు. దీపావళి పోయాక ఊళ్లు కదలడం మొదలుపెట్టాయి. బళ్లారి వైపు కాలవ తవ్వుతున్నారని, రోజూ పని దొరుకుతుందని విని, సామాను మూటలు కట్టుకుని పోయేవాళ్లు. నా మూడో తరగతిలో పేరు పిలిస్తే “పోయినారు టీచర్” అన్న జవాబే ఎక్కువగా వచ్చేది.

ఆ కాలంలోనే బళ్లకు పాలపొడి వచ్చింది. మధ్యాహ్నం వరండాలో పెద్ద గంగాళంలో నీళ్లు కాచి, పొడి కలిపి, పిల్లలకు గ్లాసుతో పోసేవాళ్లం. అక్క కలియబెట్టేది, నేను పోసేదాన్ని. ఉండలు కట్టకుండా కలపడం మా ఇద్దరికీ చివరిదాకా రాలేదు.

మా ఊరికి రెండు మైళ్ల దూరంలో, గుట్ట కింద పదిహేను ఇళ్ల పల్లె ఒకటుంది. అక్కడి నుంచి ఒక తల్లి రోజూ కూతురిని నడిపించుకుని వచ్చేది. పొడుగాటి మనిషి, గడ్డం మీద పచ్చబొట్టు. కూతురు నా తరగతే. తల్లి పొద్దున పిల్లను దించి, కట్టెలు ఏరుకుని, పాలవేళకు మళ్లీ వచ్చి గోడ అవతల నిలబడేది. లోపలికి రాదు, ఏమీ అడగదు. ఒకరోజు గంగాళంలో కాసిని మిగిలితే అక్క గ్లాసు నింపి ఆమె చేతిలో పెట్టింది. సగం తాగి, మిగతాది కూతురికి ఇచ్చింది.

ఏదో ఒకటి మాట్లాడాలని నేను అడిగాను. “మీ పల్లెలో అందరూ పోయినారంట గదమ్మా?”

ఆమె గ్లాసు కడిగి బోర్లిస్తూ అంది: “పొయ్యేటోళ్లు పోయినారు. మేము ఊరిడిసి పోలేదు ఇంకా బతికే ఉండాం టీచరమ్మా.”

అని పిల్ల భుజం తట్టి వెళ్లిపోయింది. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ సాయంత్రం ఇద్దరం పుస్తకాలు తీశాం. ముందు ఎవరు రాశామో చూసుకోలేదు.

ఆ వారం బల్ల నాది. మరునాడు పొద్దున రాశాను: “ఊరు విడిచి పోలేదు, ఇంకా బతికే ఉన్నాం.” కామా పెట్టని నేను, నా అంతట నేనే పెట్టాను. పెట్టకపోతే ఆ మాట నిలవదనిపించింది. అక్క వచ్చి బల్ల ముందు ఆగింది. సుద్దముక్క ఎత్తలేదు.

“కామా పెట్టినావే! మంచిది. కానీ ఆడ కాదు.”

“మరి యాడ?”

“ఇంకా తర్వాత. ఆమె అన్నది, ఊరిడిసి పోలేదు ఇంకా. ఆడ ఆగింది. ఆపైన, బతికే ఉండాం.”

“కాదక్కా. పోలేదు అని ఆగింది. ఇంకా బతికే ఉండాం, అంది.”

ఈసారి నవ్వులాటగా లేదు. నేను రాసిన దాంట్లో ఆమె ఊరు విడిచి పోయే మనిషి కాదు. ఎంత కరువొచ్చినా ఇక్కడే ఉంది, ఇంకా బతికి ఉంది. అక్క రాసిన దాంట్లో ఆమె పోలేదు ఇంకా. అంటే పోవలసి వస్తుందని ఆమెకు తెలుసు, రేపో మాపో. ఆ ‘ఇంకా’ ఎటువైపుదో తేలితే తప్ప ఆమె ఏమన్నదో మాకు తెలిసినట్టు కాదు. రెండు రోజులు వంటింట్లో అదే మాట. నాకు కొంచెం పౌరుషం కూడా వచ్చింది. అక్క ఆ తల్లిని బలహీనురాలిని చేస్తున్నట్టు నాకనిపించింది. అక్కకేమో నేను ఆమెను బొమ్మను చేసి నిలబెడుతున్నట్టు ఉందట. ఆ మాట అక్క నెమ్మదిగానే అంది కానీ నాకు తగిలింది.

చివరికి హెడ్మాస్టరుగారే తేల్చారు. “ఆ మనిసి బతికే ఉండాది గదమ్మా. పోయి అడగండి.”

ఆదివారం ప్రార్థన అయ్యాక అక్క గొడుగు తీసుకుంది. ఇద్దరం గుట్ట వైపు నడిచాం. దారి పొడుగునా ఎండిన చేలు. ఒక్క గొర్రెల మంద ఎదురైంది. పల్లెలో పదిహేను ఇళ్లకు తొమ్మిదింటికి ముళ్లకంప అడ్డం కట్టి ఉంది. ఆమె తన ఇంటి ముందు కూర్చుని చింతగింజల పొట్టు తీస్తోంది. మమ్మల్ని చూసి కంగారుగా లేచింది.

“మా పాప ఏమన్నా తప్పు చేసిందా టీచరమ్మా?”

“లేదు లేదు. ఊరికే వచ్చినాం” అన్నాను. అంత దూరం వచ్చాక కామా సంగతి ఎలా ఎత్తాలో తెలియలేదు. ఆమె లోపలికి పోయి రెండు చెంబుల్లో అంబలి తెచ్చింది. నీళ్లకు రంగు వేసినంత పలచగా ఉంది. నేను వద్దనబోతుంటే అక్క నా చెయ్యి నొక్కి, చెంబు తీసుకుని తాగింది. నేనూ తాగాను.

అక్కే అడిగింది. “మొన్న పాలవేళ ఒక మాట అంటివి. ఊరిడిసి పోలేదు, బతికే ఉండాం అని. గ్యాపకముందా?”

“అట్లన్న్యానా? ఏమో తల్లీ. ఏం, అనగూడదా?”

“అయ్యో, మంచి మాటే. ఈయమ్మ బడి బల్ల మీద గూడా రాసింది. ఆ పొద్దు యట్లంటివో అట్లే ఇంకొక తూరి చెప్పు. మధ్యలో యాడ ఆగితివో చూడాల.”

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎగతాళి చేస్తున్నామేమో అనుకుంది కాబోలు. కాదని తెలిశాక, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని నిలబడి, మాట మొత్తం ఒకే ఊపిరిలో అనేసింది. ఎక్కడా ఆగలేదు. ‘ఇంకా’ అటూ లేదు, ఇటూ లేదు.

“ఆ పొద్దు గూడా ఆగలేదా?” అన్నాను నేను.

“ఆగేకేముంది టీచరమ్మా? పాప ఆకలంటాండె. కట్టెలు ఎండలో ఉండె.” అని పకపకా నవ్వింది. మేమూ నవ్వాం. ఎంతకీ నవ్వు ఆగలేదు. ముళ్లకంప కట్టిన ఇళ్ల మధ్య ముగ్గురు ఆడవాళ్లం నవ్వుతుంటే ఎక్కడో కుక్క మొరిగింది.

నవ్వు తగ్గాక అక్క అడిగింది, మామూలుగా. “పోతారా?”

ఆమె మళ్లీ కూర్చుని చింతగింజలు చేతిలోకి తీసుకుంది. “పాప వాళ్ల నాయన ముందే బళ్లారికి పోయినాడు. ఆడ గుడిసె దొరికితే కబురు పెడతా అన్న్యాడు. కబురొస్తే పోతాం. రాకుంటే ఈడే.”

“నీకేమనిపిస్తాది?”

“నాకా? రాకుంటే బాగుండు అనిపిస్తాది. వస్తే బాగుండు అనిపిస్తాది.”

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం కామా ఊసు ఎత్తలేదు. ఇన్ని నెలలుగా ఆమె కూతురికి చదువు చెబుతున్నాను, ఆ పల్లెకు రావడం నాకదే మొదటిసారి. ఒక కామా కోసం రెండు మైళ్లు నడిచి వచ్చినదాన్ని, వేరే దేనికీ అంతవరకు రాలేదు. ఆ మాట అక్కతో అన్నాను. అక్క గొడుగు నా వైపు వంచి, “దేనికో దానికి వస్తిమి గదా” అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇద్దరం వెళ్లడం అలవాటు చేసుకున్నాం. మూడు వారాలే వెళ్లాం.

నాలుగో వారం మంగళవారం పొద్దున ఆమె బడికి వచ్చింది. కబురు వచ్చిందట. ఎల్లుండి పొద్దున బయలుదేరాలి. అక్క వెంటనే అంది, “పాపను మా దగ్గర ఇడిసిపెట్టు. మాతోపాటే తింటాది. చదువు పోదు.”

ఆమె అక్క చేతులు పట్టుకుంది. “మీ మాట పెద్దది తల్లీ. కానీ పాపను ఈడ ఇడిసి, ఆడ నేను చేతులెట్ల ఆడించేది? దాన్ని తీస్కపోతా.”

అక్క మళ్లీ ఒత్తిడి చేయలేదు. ఆ సాయంత్రం ఒక కొత్త నోటు పుస్తకం తీసి నా ముందు పెట్టింది. “ఆడ బడి ఉండదు. చదివేకేమీ ఉండదు. నీ పుస్తకంలోవి, నా పుస్తకంలోవి ఇందులో రాసిద్దాం. రోజుకొకటి చదువుకుంటాది, రాసుకుంటాది.”

రాయడానికి కూర్చున్నాక అసలు చిక్కు వచ్చింది. కామాలు ఎవరివి? పిల్లకు నేర్పేవాళ్లు దగ్గర ఉండరు. ఒక పేజీలో ఒక పద్ధతి, ఇంకో పేజీలో ఇంకో పద్ధతి ఉంటే ఎవరిని అడుగుతుంది? మూడేళ్లుగా తేలని తగవు ఆ పూటే తేలాలి. సంతలో బేరంలా సాగింది.

“మీ నాయన మాటలో చుక్క తీసి కామా పెట్టు” అంది అక్క.

“పెడతా. మీ కండక్టరు మాటలో ‘నిలబడినోళ్లు గూడా’ తర్వాతది తీసెయ్యి.”

“తీస్తే ఆయప్ప ఊపిరి పోతాది.”

“పోదు. అంత చిన్న మాటకు ఊపిరి చాలుతాది.”

అక్క పెదవులు కదిలిస్తూ ఆ మాట రెండుసార్లు చదివి చూసుకుంది. “చాలుతాది” అని ఒప్పుకుని తీసేసింది. ‘చేసి’, ‘వచ్చి’ తర్వాత పెట్టకూడదని నేను గెలుచుకున్నాను. ఎవరినైనా పిలిస్తే, ‘నాయనా’, ‘అమ్మా’ అన్నాక తప్పకుండా పెట్టాలని అక్క గెలుచుకుంది. ఉప్పూ చింతపండూ దగ్గర ఇద్దరికీ పట్టింపు వచ్చింది. చివరికి అలాంటి వాక్యాలేవీ ఆ పుస్తకంలో రాయకుండా తప్పించుకున్నాం. అరవై మాటలు పూర్తయ్యేసరికి నా వేళ్ల నిండా సిరా.

“వాళ్లమ్మ మాట?” అన్నాను. “అది కూడా రాద్దామా?”

అక్క తల అడ్డంగా ఊపింది. “వాళ్లమ్మ దానితోపాటే పోతాండాది గదా. మనం రాసియ్యాల్సిన పన్లేదు.”

గురువారం పొద్దున వాళ్లు బడి ముందు నుంచే పోయారు. తల్లి నెత్తిన మూట, చంకలో కోడిపెట్ట. పిల్ల పుస్తకాన్ని గుడ్డలో చుట్టి వీపుకు కట్టుకుంది. నేను ఇచ్చిన పెన్సిలుముక్కలు పిడికిట్లో ఉన్నాయి. మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చి పేర్లు పిలిచాను. ఆ పిల్ల పేరు దగ్గర ‘పోయినారు టీచర్’ అని ఎవరో అన్నారు. నాకు తెలిసినా, అప్పుడే విన్నట్టు తల ఊపి రాసుకున్నాను.

మరుసటి ఏడు మృగశిరలోనే వాన పడింది. పడుతుందని ఎవరూ నమ్మలేదు కాబట్టి విత్తనాలు లేక సగం చేలు బీడుగానే ఉండిపోయాయి. అయినా ఊళ్లు తిరిగి నిండాయి. గుట్ట కింది పల్లెలో ముళ్లకంపలు ఒక్కటొక్కటే ఊడాయి. ఆషాఢంలో ఒకరోజు ఆ తల్లి పిల్లను తీసుకుని వచ్చింది. ఇద్దరూ ఎండకు నల్లబడి, చిక్కిపోయి ఉన్నారు. పిల్ల ఒక జానెడు పొడుగు పెరిగింది. పుస్తకం అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది.

“అంతా చదివినాది టీచరమ్మా. ఆడ గుడిసెల్లో పొద్దుగూకే వేళకు అందరికీ గట్టిగా చదివి ఇనిపిస్తాండె. బాగుండాదని మా మేస్త్రీ గూడా కూచుండె” అంది తల్లి.

నేను పేజీలు తిప్పాను. మేము రాసిన అరవై అయిపోయాక, ఖాళీ పేజీల్లో పెన్సిలుతో వంకర అక్షరాలున్నాయి. పిల్ల తానే రాసుకుంది. కాలవ దగ్గర విన్న మాటలు. ఒకటి: “తట్ట బరువు కాదు, తట్ట ఎత్తేవాళ్లు లేకపోవడమే బరువు.” కింద ‘పక్క గుడిసె అవ్వ’ అని ఉంది. అలాంటివి పదకొండు. కొన్నిటికి కామాలున్నాయి, కొన్నిటికి లేవు. కొన్నిచోట్ల మాట మధ్యలో ఉన్నాయి. అక్క నా భుజం మీదుగా వంగి అన్నీ చదివింది. నేను ఎర్రసిరా కలం తీయలేదు. అక్క “అవ్వది నా పుస్తకంలో రాసుకోనా?” అని ఆ పిల్లను అడిగింది. పిల్ల సిగ్గుపడి వాళ్లమ్మ వెనక్కి పోయింది. తల్లి, “రాసుకోండి తల్లీ, అవ్వ ఏమీ అనుకోదు” అంది.

ఆ పిల్ల మూడో తరగతిలో మళ్లీ కూర్చోవలసి వచ్చింది. దానికేం బాధ పడలేదు. ఐదో తరగతి అయ్యాక అక్క తిరిగి తిరిగి, అనంతపురంలో ఆడపిల్లల హాస్టల్లో సీటు సంపాదించి పెట్టింది.

తర్వాత రెండేళ్లకు అక్కకు సొంత ఊరి పక్కకే బదిలీ వచ్చింది. ఆమె పుస్తకం ఆమె తీసుకుపోయింది. నేను అడగలేదు, ఆమె ఇస్తాననలేదు. కార్డులు రాసుకునేవాళ్లం. కార్డు మీద చోటు తక్కువ కాబట్టి ఆమె కామాలు కూడా తగ్గాయి.

అరవైల చివర ఒక వేసవి సెలవుల్లో నేను కదిరి వెళ్లాను. అక్క కంటికి ఆపరేషనైందని తెలిసి చూడటానికి వెళ్లాను. నల్లద్దాలు పెట్టుకుని నులక మంచం మీద కూర్చుని ఉంది. వాళ్ల చెల్లెలి కోడలు మాకు బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టింది. గుట్ట కింది పల్లె పిల్ల అనంతపురంలో టీచరు ట్రైనింగులో చేరిందని చెబితే అక్క చాలాసేపు సంతోషపడింది. వాళ్లమ్మ ఎలా ఉందని అడిగింది. మిద్దె వేసుకున్నారని, ఒక ఆవు కూడా ఉందని చెప్పాను.

“డాక్టరు నెల దాకా ఏమీ చదవద్దన్నాడు. పొద్దు పోదు. ఆ పేపరు చదువు మ్మే” అంది.

చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాకముందే చెయ్యెత్తింది. “నిదానం. నాకు కండ్లు లేవిప్పుడు.”

నిదానించాను. గట్టిగా చదవడం నాకు అంతగా అలవాటు లేదు. పొడుగు వాక్యాల మధ్య ఊపిరి చాలక రెండుసార్లు ఆగిపోయాను. అక్క ఏమీ అనలేదు, నేనూ ఏమీ ఒప్పుకోలేదు. మొదటి పేజీ అయిపోయింది, రెండో పేజీ అయిపోయింది.

“వాన సంగతి ఏమన్నా రాసినారేమో చూడు” అంది అక్క.

వెతికితే ఆఖరి పేజీ కింద, ఒక మూల, మా జిల్లాలో అక్కడక్కడా వాన పడొచ్చని రెండు లైన్లున్నాయి. చదివాను.

“ఇంకొక తూరి చదువు” అంది.

ఇంకోసారి చదివాను.

“చాల్లే” అని అక్క మంచం మీద వెనక్కి వాలింది. ఉగ్గాని చల్లారిపోతోందని కోడలు లోపలి నుంచి కేకేసింది. ఇద్దరం తిన్నాం. సాయంత్రం నేను బస్సుకు బయలుదేరాను.